మొదటి వాచీ యాప్‌కి ఏది మేలు: వేర్ ఓఎస్, ఆపిల్, గార్మిన్?

తెల్లారకముందే శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే, పోలీసు, ఆర్మీ ఉద్యోగాల కోసం పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు కనిపిస్తారు. మా తమ్ముడూ వాళ్ళలో ఒకడు. కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచెయ్యాలి. అంటే 400 మీటర్ల రౌండుకి 2 నిమిషాలు. రెండేసి నిమిషాలకు చేతి మీద వాచీ వైబ్రేట్ అయితే, తల దించకుండానే వెనకబడ్డాడో లేదో వాడికి తెలిసిపోతుంది. నేను రాద్దామనుకున్న మొదటి యాప్ అదే.

ముందుగా ఒక జాగ్రత్త. రెండు మూడు వేలకు దొరికే వాచీల్లో చాలావాటికి బయటి యాప్‌లు ఎక్కవు. అలాంటిది కొనేసి, దారి దొరుకుతుందేమోనని వారం రోజులు వెతికాను. దొరకలేదు. డబ్బు పెట్టేముందే అందులో ఏ ఓఎస్ (వాచీని నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో కనుక్కోండి.

మాక్, ఐఫోన్ రెండూ ఇంట్లో ఉంటేనే ఆపిల్ వైపు వెళ్ళండి. ఆపిల్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ అనే ప్రోగ్రాం మాక్ మీద తప్ప నడవదు. స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. అక్కడ స్క్రీన్లు తయారుచేసే స్విఫ్ట్‌యూఐ నేర్చుకోవడానికి చాలా హాయిగా ఉంటుంది, కానీ ఆ ఖర్చు మన పిల్లల్లో ఎంతమంది మోయగలరు?

విండోస్ లాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్ళకి నా ఓటు గూగుల్ వాచీ సాఫ్ట్‌వేర్ వేర్ ఓఎస్‌కే. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం. ఇక్కడ నేర్చుకున్న కోట్లిన్ భాష, స్క్రీన్లు తయారుచేసే కంపోజ్ రేపు ఫోన్ యాప్‌లకీ పనికొస్తాయి. ప్లే స్టోర్ ఫీజు 25 డాలర్లు, ఒక్కసారే. వాచీ లేకపోయినా ఎమ్యులేటర్‌లో (లాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి వాచీ) మొదలుపెట్టొచ్చు. 8 జీబీ ర్యామ్‌తో అది ఈడుస్తుంది, అందుకని వాచీ దొరికాక వైఫై మీద నేరుగా దానిలోకే యాప్ ఎక్కించడం నయం. గుండ్రటి స్క్రీన్ అంచుల్లో అక్షరాలు తెగిపోతాయి, దాన్ని సరిచేసుకోవచ్చు. నన్ను ఎక్కువ ఏడిపించింది వేరే విషయం: స్క్రీన్ ఆరిపోయాక టైమర్ నమ్మకంగా నడవలేదు. స్క్రీన్ ఆరినా పని ఆగకుండా చూసే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్, దానికి తోడు యాప్ ఇంకా నడుస్తోందని వాచీ మీద చూపించే ఆన్‌గోయింగ్ యాక్టివిటీ పెట్టాకే కుదుటపడింది. బ్యాటరీ ఆదా కోసం వాచీ అలా కట్టడి చేస్తుందని మొదటే తెలిసుంటే నాకు చాలా టెన్షన్ తప్పేది. కొత్తగా తీసిన వ్యక్తిగత ఖాతా అయితే, స్టోర్‌లోకి వెళ్ళేముందు 12 మంది టెస్టర్లతో 14 రోజులు పరీక్షించాలి. ఆ 12 మందిని ముందే మాట్లాడిపెట్టుకోండి.

గార్మిన్‌ని మనవైపు పెద్దగా పట్టించుకోరు గానీ, పరుగుకి అదే గట్టిది. చాలా మోడళ్ళకి బటన్లు ఉంటాయి, చెమట వేలితోనూ నొక్కొచ్చు. చార్జింగ్ రోజుల తరబడి నిలుస్తుంది. గార్మిన్ యాప్‌లు రాసే కనెక్ట్ ఐక్యూ కిట్ ఉచితం, విండోస్‌లో నడుస్తుంది, సిమ్యులేటర్ కూడా ఉంది. ‘డేటా ఫీల్డ్’ అనే చిన్న ప్రోగ్రాం రాస్తే, సెకనుకోసారి లెక్క చూసి మిగిలిన దూరం ఎంత వేగంతో పరుగెత్తాలో చూపించొచ్చు. ఇబ్బందల్లా భాషతోనే. ఇక్కడ వాడే మంకీ సి అనే భాష గార్మిన్ దాటితే ఎక్కడా అక్కరకు రాదు. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్ళు దీన్ని రెండోదిగా పెట్టుకోండి. తమ్ముడి పరుగు కోసమే అయితే, ఆ వాచీ ఇంట్లో ఉంటే, దీనితోనే మొదలుపెట్టండి.