58 వేలు పెట్టి కొన్న లెన్స్ లో ఫంగస్ (బూజు) – సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఫ్రెండ్స్, పక్షుల ఫోటోల కోసం సెకండ్‌హ్యాండ్ లో పెద్ద లెన్స్ వెతుకుతున్నవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. నాకు డిసెంబర్ లో జరిగింది. ఇన్నాళ్ళు ఊరుకున్నా గానీ నాకు అమ్మిన అదే మనిషి ఇంకో లెన్స్ (70-200) కూడా అమ్మకానికి పెట్టాడని మొన్న తెలిసింది, అందుకే రాస్తున్నా. పేరు రాయను, అడగొద్దు, కామెంట్లలో ఊహించి ఎవరి పేరూ పెట్టొద్దు ప్లీజ్. ఏం చేశాడో తెలిస్తే చాలు, రేపు ఎవరి దగ్గర కొన్నా మీరు పట్టుకోగలరు.

నేను హైదరాబాద్ లో జాబ్, సొంతూరు గుంటూరు దగ్గర. ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు దగ్గరికి ఒక పది మందిమి వెళ్తుంటాం, ఎవరి కెమెరా వాళ్ళది, ఫోటోలు ఒకరివి ఒకరు చూసుకుంటాం, తప్పులు చెప్పుకుంటాం. నాకు లెన్స్ అమ్మినాయన అక్కడే పరిచయం. మా అందరికన్నా పెద్దాయన, నిజంగా బాగా తీస్తాడు, అందులో అబద్ధం లేదు. నాకు బ్యాక్ బటన్ ఫోకస్ (కెమెరా వెనక బటన్ తో ఫోకస్ చేయడం) నేర్పింది ఆయనే, ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ 1/2000 సెకను కన్నా తగ్గించొద్దని, తెల్ల కొంగ తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) కాస్త మైనస్ లో పెట్టుకోమని, పక్షి కంటి ఎత్తుకి దిగి కూర్చుని తీయమని, ఇవన్నీ ఓపిగ్గా పక్కన కూర్చుని చెప్పాడు. ఏడాది పాటు అన్నా అన్నా అని తిరిగిన మనిషి. అందుకే లెన్స్ అమ్ముతున్నా అనగానే ఇంకో ఆలోచన లేకుండా సరే అన్నా.

లెన్స్ నికాన్ 80-400 (80 నించి 400 ఎంఎం దాకా జూమ్ అయ్యేది), ఎఫ్ 4.5-5.6 జి, 2013 లో వచ్చిన వెర్షన్. మధ్యలో ఒక మాట, దీనికి 2000 లో వచ్చిన పాత 80-400 డి కూడా ఉంది, పేరు దాదాపు ఒకటే కాబట్టి రేటు తక్కువ చూసి కొనేస్తారు, దాంట్లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలో (అంటే కెమెరాలో) మోటార్ ఉంటేనే ఆటోఫోకస్ పనిచేస్తుంది. డి3500, డి5600 లాంటి కెమెరాలకి పెడితే చేత్తో తిప్పుకోవాల్సిందే. పేరు చివర జి ఉందో డి ఉందో చూసుకోండి.

నా బాడీ డి7500. 65 చెప్పాడు, 58 వేలకి ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆరున్నరకి ఒక టీ కేఫ్ లో కలుద్దాం అన్నాడు. నేను ఆఫీస్ నించి డైరెక్ట్ గా వెళ్ళా. లోపల పసుపు లైట్లు, బయట చీకటి. లెన్స్ బయటికి తీసి ముందు నించి చూపించాడు, "చూడు తమ్ముడూ అద్దం లెక్క ఉంది, నా బిడ్డ లెక్క చూసుకున్నా" అన్నాడు. నిజంగానే నల్లగా నిగనిగలాడుతూ ఉంది. నేను ఫోన్ టార్చ్ ఆన్ చేయబోతే చెయ్యి అడ్డం పెట్టి "టార్చ్ ఏస్తే కొత్త లెన్స్ లో కూడా దుమ్ము కనపడ్తది, ఉత్తగ భయపడ్తవ్" అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, అదే ప్రాబ్లం. టార్చ్ వేస్తే దుమ్ము చుక్కలు ఏ లెన్స్ లోనైనా కనపడతాయి, వాటివల్ల ఫోటోకి ఏం కాదు. కానీ టార్చ్ వేస్తేనే ఫంగస్ కూడా కనపడుద్ది.

ఇంకోటి నాకు తర్వాత తెలిసింది. జి లెన్స్ బాడీకి తగిలించకుండా విడిగా ఉన్నప్పుడు అపర్చర్ బ్లేడ్లు (వెలుతురు వెళ్ళే రంధ్రాన్ని తెరిచి మూసే రేకులు) పూర్తిగా మూసుకుని ఉంటాయి. మధ్యలో చిన్న బొక్క తప్ప వెనక ఏముందో కనపడదు. అద్దంలా కనపడింది అందుకే. మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) దగ్గర చిన్న లివర్ ఉంటుంది, దాన్ని వేలితో మెల్లగా జరిపి పట్టుకుంటే బ్లేడ్లు తెరుచుకుంటాయి, అప్పుడు చూడాలి. ఇన్నేళ్ళుగా నికాన్ వాడే మనిషికి ఇది తెలియకపోవడం ఉండదు.

అక్కడే నా బాడీకి తగిలించి ఓ పది ఫోటోలు తీశా, స్క్రీన్ మీద షార్ప్ గానే ఉన్నాయి. ఫోన్‌పే చేసేశా. బిల్లు అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందన్నాడు. సరేలే అన్నా.

తర్వాత మూడు వారాలు ఆఫీస్ పనితో బయటికి తీయనే లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఉప్పలపాడు వెళ్ళా. తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గుంటూరు పక్కనే ఊరి చెరువు, ఆ చెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు, మనిషికి ఇంత దగ్గరగా ఇంకెక్కడా కూర్చోవేమో అనిపిస్తుంది. పొద్దున్న ఎండ ఎదురుగా వస్తుంటే రెక్కల అంచులు వెలుగుతాయి, ఆ ఒక్క ఫోటో కోసమే నేను ఇంత డబ్బు పెట్టింది. తీస్తే అన్నీ పాలు కలిపినట్టు తెల్లగా, నలుపు నలుపులా లేదు. పొగమంచేమో అనుకున్నా. ముందు గ్లాస్ తుడిచా, హుడ్ (ఎండ పడకుండా లెన్స్ ముందు పెట్టే గొట్టం) పెట్టా, ఎక్స్‌పోజర్ తగ్గించా. ఎండ నా వెనక ఉన్నప్పుడు తీసినవి ఫర్వాలేదు, ఎదురెండలో తీసినవి అన్నీ పోయాయి. అక్కడున్న ఇంకో అబ్బాయి కెమెరాలో అదే కొమ్మ, అదే ఎండ, చక్కగా వచ్చింది. అప్పుడర్థమైంది తప్పు లెన్స్ లో ఉందని.

ఇంటికెళ్ళి గదిలో లైట్ ఆపి, లివర్ జరిపి పట్టుకుని, వెనక నించి టార్చ్ వేసి ముందు నించి కాస్త పక్కగా చూశా. లోపలి ఒక గ్లాస్ అంచు నించి మధ్యకి తెల్లటి సన్నటి దారాలు, చెట్టు వేర్లు పాకినట్టు పాకి ఉన్నాయి. పాత ఊరగాయ జాడీ మూత తీస్తే కనపడే బూజు లేదూ, అచ్చం అదే, గాజు మీద. అమ్మ వచ్చి చూసి ఇదేంట్రా ఇంత డబ్బు పోసి అంది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

వెంటనే ఫోన్ చేశా. "నేను ఇచ్చినప్పుడు మంచిగనే ఉండె, నీ దగ్గరనే పట్టింది తమ్ముడూ, ఆంధ్రాల తేమ ఎక్కువ కదా" అన్నాడు. లెన్స్ ఆంధ్రాకి వచ్చి అప్పటికి రెండు రోజులు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. హైదరాబాద్ వచ్చాక కోఠి గుజరాతీ గల్లీలో తెలిసినవాళ్ళు చెప్పిన ఒక రిపేర్ ఆయనకి చూపించా. ఆయన చూడగానే ఇది మూడు వారాల ఫంగస్ కాదండి, ఒకట్రెండు వానాకాలాలు చూసిన ఫంగస్ అన్నాడు. విప్పి క్లీన్ చేస్తే దారాలు పోతాయి గానీ అది వదిలిన యాసిడ్ కోటింగ్ ని తినేస్తుంది, ఆ మచ్చ పోదు, గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. 9 వేలు చెప్పాడు. ఇంకా చేయించలేదు.

ఇంకో విషయం చెప్పాలి, నన్ను బాగా బాధపెట్టింది ఇదే. కొనకముందు ఈ లెన్స్ తో తీసిందే అని ఒక లకుముకిపిట్ట ఫోటో పంపాడు, ముక్కులో చేపతో, అద్భుతంగా ఉంది, దాన్ని చూసే నేను పడిపోయా. మామూలుగా వాట్సాప్ లో ఫోటో పంపితే ఎక్సిఫ్ వివరాలన్నీ (ఫోటో ఏ సెట్టింగులతో తీశారో చెప్పేవి) పోతాయి, కానీ క్వాలిటీ తగ్గకూడదని ఆయన డాక్యుమెంట్ గా పంపాడు, అలా పంపితే వివరాలు ఉంటాయి. జనవరిలో తెరిచి చూశా. ఫోకల్ లెంగ్త్ 500 ఎంఎం అని ఉంది. 80-400 తో 500 ఎలా వస్తుంది? వేరే లెన్స్ తో తీసింది. ఆ వివరాలు నా ఫోన్లోనే ఉన్నాయి మొదటినించీ, నేను చూడలేదు.

కాబట్టి కొనేముందు ఇలా చేయండి. పగలే కలవండి, ఆరుబయట. మీ బాడీ, మీ మెమరీ కార్డ్ తీసుకెళ్ళండి. టార్చ్ ముందు నించీ వెనక నించీ రెండు వైపులా, అపర్చర్ తెరిచి, నేరుగా కాకుండా కాస్త వాలుగా వేసి చూడండి, జూమ్ ఆ చివర నించి ఈ చివరకి తిప్పుతూ చూడండి. చుక్కలు చుక్కలుగా ఉంటే దుమ్ము. సాలెగూడు లాగా, వేర్ల లాగా కొమ్మలు కొమ్మలుగా ఉంటే ఫంగస్. గ్లాస్ మొత్తం ఆవిరి పట్టినట్టు ఉంటే హేజ్. అంచుల్లో ఇంద్రధనస్సు రంగులు కనపడితే అతికించిన గ్లాసులు విడిపోతున్నట్టు, దాని జోలికి అస్సలు వెళ్ళొద్దు. తర్వాత ఎండ ఫ్రేమ్ పక్కనించి పడేలా ఒక ఫోటో తీయండి (ఇలాంటి పెద్ద లెన్స్ లోంచి సూర్యుణ్ణి మాత్రం డైరెక్ట్ గా చూడొద్దు, కన్ను పోతుంది). మామూలు వెలుతురులో ఫంగస్ లెన్స్ కూడా షార్ప్ గానే ఇస్తుంది, నా పది ఫోటోలు అలా వచ్చినవే.

ఫోకస్ దగ్గర్నించి దూరానికి పది సార్లు పంపండి, మోటార్ కీచుమని అరుస్తుంటే దానికి ఖర్చు దగ్గర్లోనే ఉంది. వీఆర్ (చెయ్యి వణుకుని సరిచేసేది) ఆన్ చేసి 400 దగ్గర 1/60 షట్టర్ స్పీడ్ లో తీసి చూడండి, ఆఫ్ చేసి మళ్ళీ తీయండి, తేడా తెలియాలి. బిల్లు, డబ్బా, లెన్స్ మూడింటి మీదా సీరియల్ నంబర్ ఒకటే ఉండాలి, బిల్లు లేకపోతే దొంగ సరుకు కూడా అయ్యుండొచ్చు.

బాడీ కొనేవాళ్ళు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో) చూడండి. నికాన్ లో అయితే కెమెరా నించి డైరెక్ట్ గా తీసిన జేపెగ్ లోనే ఆ నంబర్ ఉంటుంది, అమ్మేవాళ్ళు పంపిన ఎడిట్ చేసిన ఫోటో పనికిరాదు, మీ చేత్తో తీసిందే చూడండి. సెన్సర్ కోసం ఖాళీ ఆకాశాన్ని ఎఫ్ 16 లో (అపర్చర్ బాగా చిన్నది చేసి) తీసి జూమ్ చేయండి, మచ్చలుంటే అక్కడే కనపడతాయి.

డబ్బు విషయం. "ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంట్ గా కెమెరా అమ్మేస్తున్నా" అని ఒకడు ఫోటోలు పెట్టి మా ఫ్రెండ్ ఒకడి దగ్గర అడ్వాన్స్ 5 వేలు పట్టుకుపోయాడు. వస్తువు చేతికి రాకుండా రూపాయి పంపొద్దు. అలా ఆన్‌లైన్ లో పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయండి. షాపులో కొని మోసపోతే 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది. నా లాగా తెలిసిన మనిషి దగ్గర బిల్లు లేకుండా కొంటే మాత్రం చేతిలో ఏమీ ఉండదు, అందుకే ఎవరైనా సరే "ఫంగస్ లేదు, వారం లోపు తేలితే వెనక్కి తీసుకుంటా" అని మెసేజ్ లో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే లెన్సులు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా వైజాగ్, కాకినాడ, బందరు వైపు వాళ్ళు, కెమెరా బ్యాగులోనే పెట్టి బీరువాలో పడేయొద్దు. చీకటి, తేమ, కదలని గాలి, ఫంగస్ కి కావాల్సింది అదే. తేమ 60 శాతం దాటి ఎక్కువ రోజులుంటే ప్రమాదం, 40-50 మధ్య ఉంటే మంచిది. డ్రై క్యాబినెట్ (తేమ తగ్గించి ఉంచే పెట్టె) కొనలేకపోతే వంటింట్లో వాడే గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటర్ చాలు. బియ్యంలో పెట్టొద్దు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. నా లెన్స్ ని వేరే డబ్బాలో విడిగా పెట్టా, మిగతా వాటితో కలపలేదు.

దాన్ని ఇంకొకరికి అమ్మను. ఈ ఆదివారం పొద్దున 6:30 కి అమీన్‌పూర్ గట్టు మీద ఉంటా, లెన్స్ తెస్తా, ఫంగస్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివాళ్ళు కళ్ళారా చూడొచ్చు. కొనబోయే లెన్స్ ఏదైనా ఉంటే అమ్మేవాళ్ళని అక్కడికే రమ్మనండి, టార్చ్ నా దగ్గర ఉంటుంది.