ఉప్పు మొదట్లో వేయాలా, దించే ముందు వేయాలా?

వంట ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. రెండు పద్ధతులనూ గట్టిగా సమర్థించేవారు ఉన్నారు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే నా దృష్టిలో దీన్ని తేల్చవలసింది ఒక్క విషయమే: ముక్కకు ఉప్పు పట్టిందా, లేదా?

నీటిలో ఇట్టే కరిగిపోయే ఉప్పు, ముక్క లోపలికి చేరడానికి మాత్రం చాలా సమయం తీసుకుంటుంది. దించే ముందు ఉప్పు వేసిన కూరలోంచి ఒక బంగాళాదుంప ముక్కను తీసి, సగానికి విరిచి, లోపలి భాగాన్ని మాత్రమే రుచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ చప్పదనం పోవాలని మరికొంత ఉప్పు వేస్తే రసం ఉప్పుకషాయం అవుతుందే తప్ప ముక్క రుచి మారదు.

మాంసానికి ఉప్పు రాస్తే ముందు నీరు ఊరుతుంది. ఆ నీటిలో కరిగిన ఉప్పు నెమ్మదిగా తిరిగి లోపలికి ఇంకుతుంది. ఇందుకు కనీసం 40 నిమిషాలు పడుతుంది కనుక, పెనం మీద ఎర్రగా కాల్చదలచుకున్నవారు అంతసేపైనా ఆగాలి, లేదా ఉప్పు రాసిన వెంటనే కాల్చాలి. పావుగంటకే పెనం మీద వేస్తే, పైన ఊరిన నీరంతా ఆవిరయ్యేదాకా మాంసం ఎర్రబడదు.

ఉప్పు వేస్తే గింజలు ఉడకవని చాలామంది భయపడతారు. నిజానికి వాటిని నానబెట్టే నీటిలోనే లీటరుకు 15 గ్రాముల ఉప్పు కలిపితే, పొట్టును బిగించి ఉంచే కాల్షియం స్థానంలోకి ఉప్పులోని సోడియం చేరి, పొట్టు మరింత మెత్తబడుతుంది. గింజ ఉడకకుండా అడ్డుపడేది పులుపు. చివరిదాకా ఆపవలసింది దాన్ని. (ఉప్పు వేస్తే నీరు బాగా వేడెక్కుతుందన్న మాటకూ పెద్దగా అర్థం లేదు. లీటరుకు 10 గ్రాములు వేసినా మరిగే ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలైనా పెరగదు.)

చివర్లో వేయడమే మేలైన సందర్భాలూ లేకపోలేదు. వేపుడులో ముందే ఉప్పు పడితే ముక్కలు నీరు వదిలి, వేగడానికి బదులు మగ్గిపోతాయి. ఆకుకూర పచ్చిగా ఉన్నప్పుడు గిన్నె నిండా కనిపించి, ఉడికాక గుప్పెడే మిగులుతుంది కాబట్టి ముందే వేస్తే అంచనా తప్పుతుంది. సగానికి ఇగరబెట్టవలసిన రసంలో ఉప్పు గాఢత రెండింతలవుతుంది.

ఈ చివరి చిక్కు వల్లనే నేను ముక్క ఉడకవలసిన వంటలన్నిటిలో ముప్పాతిక వంతు ఉప్పు మొదట్లోనే వేసి, మిగతా పావు వంతును దించే ముందు రుచి చూసి సరిచేస్తాను. వంట మధ్యలో వేయడం వల్ల ప్రత్యేకించి లాభమేమీ లేదు, మరచిపోయినవారికి అది ఒక అవకాశం మాత్రమే. తినేటప్పుడు పైన చల్లుకునే పద్ధతి వేయించిన పదార్థాలకు నప్పుతుంది, అదీ నూనెలోంచి తీసిన వెంటనే చల్లితేనే అంటుకుంటుంది.