ఆ అరిసెల సీను సినిమాలో లేదు, టికెట్లు కొనేముందు ఇది చదవండి

రాత్రి పదకొండు దాటింది. ఇప్పుడే థియేటర్ నుంచి వచ్చాం. తెల్లారితే కోపం చల్లారి మాట మెత్తబడుతుందని, చెప్పులు విప్పగానే రాయడానికి కూర్చున్నాను. పండగ ప్రేమకథ, అరిసెల ట్రైలర్ అంటే ఏ సినిమానో బెంగళూరు తెలుగువాళ్లందరికీ తెలుసు. ఈ వారాంతానికి మీలో చాలామంది దానికే టికెట్లు చూస్తూ ఉంటారు.

ఇక్కడ సంక్రాంతికి ఒక్కరోజే సెలవు. ఊరికి వెళ్లడం కుదరక అమ్మనే హిందూపురం నుంచి రప్పించాం. వచ్చిన రోజు నుంచి ఫోనులో ఆ ట్రైలరే చూస్తోంది. పట్నంలో పెరిగిన అమ్మాయి మొదటిసారి అరిసె వత్తి నూనెలో వేస్తే అది విడిపోతుంది. హీరో నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్క అరిసె సరిగ్గా చెయ్యి, నా మనవణ్ణి ఇచ్చేస్తాను" అంటుంది. అమ్మ ఆ దగ్గరికి రాగానే నవ్వేది. "పాకం లేతగా దించింది, అందుకే విడిపోయింది. తర్వాత ఆ ముసలామె నేర్పిస్తుంది చూడు" అని నాకు కథ కూడా చెప్పేది.

ఆ సీను సినిమాలో లేదు. కత్తిరించి చిన్నది చేయడం కాదు, అసలు లేదు. నాయనమ్మ పాత్ర రెండు చోట్ల కనిపించి ఆశీర్వదించి వెళ్లిపోతుంది.

ఉన్నదేమిటంటే, హీరో తనకు నిశ్చితార్థం అయిందని అబద్ధం చెబుతాడు. ఎందుకు చెప్పాడో చివరి వరకు తెలియదు. హీరోయిన్ డాక్టరు, కానీ ఒక్క రోగినీ చూడదు. ఒక్కసారి ఎదురుగా నిలబడి అడిగితే తీరిపోయే అపార్థం మీద రెండో సగమంతా నడిచింది. హీరోయిన్ వద్దంటున్నా వెంటపడటాన్ని ప్రేమ అన్నారు, లావుగా ఉన్న స్నేహితుణ్ణి హేళన చేయడాన్ని హాస్యం అన్నారు. అమ్మకు ఎంతో ఇష్టమైన 'మిస్సమ్మ' (1955)లోనూ అబద్ధమే కథ. కానీ అక్కడ చదువుకున్న ఇద్దరు నిరుద్యోగులు ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకుంటారు. ఆ అవసరం మనకు అర్థమవుతుంది కాబట్టి, ఎక్కడ బయటపడుతుందోనన్న వాళ్ల భయమే మనకు నవ్వు తెప్పిస్తుంది. ఇక్కడ అవసరమూ లేదు, భయమూ లేదు, ఇక నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా భరించగలను. భరించలేకపోయింది ఆఖరున జరిగింది. పేర్లు పడుతున్నాయి, జనం లేచి వెళ్లిపోతున్నారు, చీపుర్లు పట్టుకుని ఊడ్చేవాళ్లు లోపలికి వచ్చారు. అమ్మ మాత్రం ఒళ్లో సంచి పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చుంది. "కూర్చోవే, అరిసెల సీను ఇంకా రాలేదు కదా" అంది. అయిపోయిందమ్మా అన్నాను. నా ముఖం చూసి, "మధ్యలో నేనేమైనా నిద్రపోయానా? అప్పుడు వచ్చి వెళ్లిందా?" అని అడిగింది. ఆవిడ ఒక్క క్షణం కూడా కన్ను వాల్చలేదు, పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. వాళ్లు చేసిన మోసానికి మా అమ్మ తన వయసును అనుమానించుకుంది. ఆ సినిమా తీసినవాళ్లను నేను క్షమించలేనిది అందుకే.

బయట మేనేజరును అడిగాను. ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే, "ట్రైలర్ మేము చేయలేదు మేడం, సినిమావాళ్లను అడగండి" అన్నాడు. టికెట్ డబ్బు తీసుకునేటప్పుడు సినిమావాళ్లు వేరు, మేము వేరు అని ఎందుకు చెప్పలేదు?

వినియోగదారుల కమిషన్‌కు వెళదామని కారులోనే అనుకున్నాను. మావారు వెతికి చూపించారు. 2016లో వచ్చిన హిందీ సినిమా 'ఫ్యాన్' ప్రచారంలో చూపిన పాట సినిమాలో లేదని మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయురాలు ఇలాగే ఫిర్యాదు చేశారు. రాష్ట్ర కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇవ్వాలంది. జాతీయ కమిషన్ కూడా ఆమె పక్షానే నిలిచింది. కానీ 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ట్రైలర్ ప్రచారమే తప్ప ఒప్పందం కాదంది. చట్టం సంగతి అది. ఇంట్లో పెద్దవాళ్లకు ఆశ చూపించాక అది మాట ఇచ్చినట్టే అని నేను అనుకుంటాను.

ఐదుగురికి టికెట్లకే 2,250 రూపాయలు. కర్ణాటకలో టికెట్ ధర 200 దాటకూడదని 2025 సెప్టెంబరులో ప్రభుత్వం నిబంధన తెస్తే, అదే నెలలో హైకోర్టు స్టే ఇచ్చింది. తప్పు నాది కూడా. మా పై అంతస్తులో ఉండే ఆవిడ నిన్ననే చూసి వచ్చి బాగాలేదు, వెళ్లవద్దు అన్నారు. అమ్మ ముచ్చట పడుతోందని నేనే వినలేదు.

పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకుంటే, ముందు చూసి వచ్చినవాళ్లను ఒక్కటే అడగండి: ట్రైలర్‌లో మీ ఇంట్లోవాళ్లకు నచ్చిన ఆ సీను సినిమాలో ఉందా, లేదా? రేపటి ఆటకు ఇప్పటికే కొన్నవాళ్లు, రద్దు చేసుకునే గడువు ఇంకా ఉందేమో ఈ రాత్రే చూసుకోండి.