విశాఖలో వేసవి మ్యాచ్‌కి ఆలుమగలు వెళ్తే: మూడున్నరా, ఏడున్నరా?

సెలవులకి విశాఖ వచ్చే జంటకి ఐపీఎల్ మ్యాచ్ కూడా కలిసొస్తే, రైలు టికెట్లకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మధ్యాహ్నం మూడున్నర ఆటా, రాత్రి ఏడున్నర ఆటా? ఎండకి భయపడి చాలామంది ఏడున్నరకే కొనేస్తారు. ఎండ సగం లెక్కే. మిగతా సగం ఆట అయ్యాక బస దాకా ఎలా చేరతారన్నది.

ఎందుకంటే స్టేడియం ఊళ్ళో లేదు. మధురవాడ పక్కన పోతినమల్లయ్యపాలెంలో, అంటే ఆటోవాళ్ళ పీఎం పాలెంలో ఉంది. రైల్వే స్టేషన్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా జాతీయ రహదారి పట్టుకుని వెళ్ళాలి. స్టేడియంలో దాదాపు 27 వేల మంది పడతారు. ఆట వదిలాక వాళ్ళంతా వచ్చి పడేదీ ఆ రోడ్డు మీదకే. మామూలుగా ముప్పావుగంటలో అయ్యే దారి ఆ రాత్రి ఎంతసేపు పడుతుందో ఎవరూ మాటివ్వలేరు.

ఏడున్నర ఆట ముగిసేసరికి పదకొండుంపావు, పదకొండున్నర. బీచ్‌రోడ్డులోనో, ద్వారకా బస్‌స్టేషన్ దగ్గరో గది తీసుకుంటే మంచమెక్కేసరికి ఒంటిగంట అవుతుంది. అదే రుషికొండలోనో మధురవాడలోనో దిగితే వెనక్కి రావాల్సింది ఏడెనిమిది కిలోమీటర్లలోపే. కాబట్టి రాత్రి ఆటకి ఊళ్ళో బస పెట్టుకోవడం తెలివైన పని కాదు. మూడున్నర ఆట ఏడుంపావు, ఏడున్నరకల్లా అయిపోతుంది. తొమ్మిదికి ఆర్కే బీచ్‌లో మరమరాల మురీ మిక్చర్ తినొచ్చు, పదిన్నర తర్వాత రైలుంటే అదీ అందుకోవచ్చు. రాత్రి ఆట చూసి అదే రాత్రి రైలెక్కుదామన్న ఆలోచన మాత్రం వదిలేయండి.

ఇక ఎండ సంగతి. మార్చి నెలాఖరులో విశాఖలో సూర్యుడు సాయంత్రం ఆరుంపావుకి కాస్త ముందు దిగిపోతాడు. మూడున్నర ఆటలో మొదటి ఇన్నింగ్స్ అంతా ఎండలోనే సాగుతుంది, రెండోదాంట్లో మొదటి సగం ఏటవాలు ఎండలో. థర్మామీటరు 33, 34 డిగ్రీలే చూపిస్తుంది, హైదరాబాదు వాళ్ళకి అదొక లెక్కా అనిపిస్తుంది. ఇక్కడ మనిషిని కూలేసేది ఉక్క. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి చోట చొక్కా తడిసి ముద్దయిందంటే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోతున్నట్టే. గంటకి అరలీటరు చొప్పున, దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. లోపలికి వెళ్ళేముందు ఒక కొబ్బరి బొండాం గానీ, ఉప్పేసిన మజ్జిగ గానీ తాగితే మేలు. నీళ్ళ సీసా, గొడుగు, పవర్ బ్యాంకు, పెద్ద బ్యాగు గేటు దగ్గర సాధారణంగా ఆపేస్తారు. అందుకని అంచున్న కాటన్ టోపీ, మందపాటి తువ్వాలు చాలు. ఆ తువ్వాలు మెడకి చుట్టుకోవడానికే కాదు: రెండుగంటల ఎండలో కాలిన ప్లాస్టిక్ కుర్చీ మీద ఊరికే కూర్చుంటే తొడల వెనక చురుక్కుమంటుంది.

మధ్యాహ్నం ఆటని సుఖంగా మార్చేదీ, శిక్షగా మార్చేదీ ఒకటే: ఏ వైపు కూర్చున్నారన్నది. టికెట్ యాప్‌లో స్టేడియం బొమ్మ గుండ్రంగా ఉంటుంది కానీ దిక్కులుండవు. ఫోన్లో శాటిలైట్ మ్యాపు తెరిచి, ఉత్తరం పైకి ఉండేలా పెట్టి, ఆ బొమ్మతో పోల్చుకోండి. ఎడమవైపు వచ్చేది పడమటి స్టాండు. అక్కడ కూర్చుంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. పైకప్పుంటే మొదట పై వరసలకి నీడ పడుతుంది, తర్వాత ఒక్కో మెట్టే దిగుతూ కింది వరసలకి వస్తుంది. తూర్పు స్టాండులో మూడున్నరకి ఎలా ఉన్నా, నాలుగున్నర దాటాక సూర్యుడు ఎదుటి కప్పు మీదుగా నేరుగా కళ్ళలోకి కొడతాడు. నెత్తి మీదున్న కప్పు అప్పుడు అక్కరకి రాదు. పడమటి టికెట్ దొరక్కపోతే మూడున్నర ఆట మానుకోవడమే నయం, ముఖ్యంగా ఇద్దరిలో ఒకరికే క్రికెట్ పిచ్చి ఉంటే.

ఆ పిచ్చి లేనివారి కోసం ఇంకో మాట. పిచ్ రెండు కొసలైన విజ్జీ ఎండ్, డీవీ సుబ్బారావు ఎండ్ వైపు, అంటే బౌలర్ వెనక కూర్చుంటే బంతి ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఆట తెలిసినవాళ్ళకి అది పండగ. తెలియనివాళ్ళకి పిచ్‌కి పక్కవైపున్న స్టాండులో పై వరసలు బాగుంటాయి: పరుగులు, రనౌట్లు, బంతి గాల్లో ఎటు పోతోందో అన్నీ విడమరిచినట్టు కనిపిస్తాయి. బౌండరీ తాడు పక్కన కింది వరసలో ఆటగాళ్ళ మొహాలు కనిపిస్తాయి గానీ ఆట కనపడదు.

రాత్రి ఆటకున్న అందం మంచు. చీకటి పడ్డాక బంతి తడిసి బౌలర్ చేతికి పట్టు చిక్కదు, రెండోసారి బ్యాటింగ్ చేసేవాళ్ళకి పని తేలికవుతుంది. ఉత్కంఠ ఆఖరి ఓవర్ల దాకా సాగడానికి అదో కారణం. 2025 మార్చి 24 రాత్రి ఇక్కడే లక్నో 209 కొడితే, ఢిల్లీ 65కే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. ట్రాఫిక్ తప్పించుకుందామని అప్పుడు లేచినవాళ్ళెవరైనా ఉంటే, అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి ఒక్క వికెట్‌తో గెలిపించింది చూడలేదన్నమాటే. అలాగని ప్రతి రాత్రీ అంతే కాదు. 2024 ఏప్రిల్ 3న కోల్‌కతా 272 కొట్టి 106 పరుగులతో గెలిచింది, ఆ రోజు ముందే లేచినా పోయేదేం లేదు. 2025 మార్చి 30 మధ్యాహ్నం ఆటలో హైదరాబాదు 163కే ఆలౌటైతే ఢిల్లీ 16 ఓవర్లలోనే కొట్టేసింది. అలాంటి రోజు సాయంత్రమంతా మీదే.

తీర్పు అడిగితే: రుషికొండలో గది దొరికితే ఏడున్నర. పొద్దున్నే తొట్లకొండ బౌద్ధ స్తూపాలు చూసి, మధ్యాహ్నం నిద్రపోయి, ఐదున్నరకి గేటు దగ్గరుండేలా బయల్దేరండి. ఊళ్ళో బస అయినా, ఆ రాత్రే తిరుగు ప్రయాణం ఉన్నా మూడున్నర, అదీ పడమర వైపు టికెట్టయితేనే.

ఏ ఆటైనా రెండు టికెట్లూ ఒకే ఫోన్ నుంచి ఒకేసారి, వరస నంబర్లతో తీయండి. విడివిడిగా తీస్తే వేర్వేరు స్టాండులే కాదు, వేర్వేరు గేట్లు కూడా పడొచ్చు. జనం నిండాక ఫోన్లు మొండికేస్తాయి. ఎవరి టికెట్ వాళ్ళ దగ్గర ఉంచుకోండి, తప్పిపోతే ఏ గేటు బయట కలవాలో లోపలికి వెళ్ళకముందే అనుకోండి. క్యాబ్ గేటు దగ్గర బుక్ చేయకండి, రాదు. రుషికొండ వెళ్ళేవాళ్ళు జనం పలచబడేదాకా నడిచి అక్కడ ఆటో పట్టుకోవడం మంచిది.