ఈసీఎం పోలేదు, పద్దెనిమిది వందలతో పోయింది

ముందే చెబుతున్నా, ఈ కారు మెకానిక్ కొట్టులో కూర్చోడానికి చోటు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో వందడుగుల రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో చిన్న రేకుల షెడ్డు. టీ తాగందే ఆయన బానెట్ ఎత్తడు.

నాది 2013 డీజిల్ కారు. మంగళగిరి నుంచి కాలేజీకి రోజూ వారధి దాటాలి. నెలలో మూడుసార్లు ఆగింది, ఒకసారి సరిగ్గా వారధి మధ్యలో. వెనక లారీల హారన్లు, నాకు టెన్షన్. పది నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, యు0100 కోడ్ వచ్చింది, ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పలకట్లేదు, మార్చాలి, 42 వేలు అన్నారు.

ఈయన స్కానర్ జోలికే పోలేదు. "దానికి తిండి అందుతోందో లేదో చూడకుండా చచ్చిపోయిందంటే ఎట్లమ్మా?" అన్నాడు. అరగంట ఇంజిన్ నడిపి, అది ఆగేదాకా కాచుకున్నాడు. ఈసీఎం కప్లర్ (వైర్ల ప్లగ్గు) పీకి, దానికి కరెంటు అందించే స్విచ్చు, అదే మెయిన్ రిలేకి, విడిగా ఎర్త్ ఇచ్చి టిక్కుమనిపించాడు. కప్లర్‌లో మీటర్ పెడితే 12.5 వోల్టులు. బాగానే ఉందిగా అన్నాను. నవ్వి, అవే పిన్నులకు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించాడు. మసగ్గా, పాత టార్చిలైటులా వెలిగింది. కరెంటు లాగే లోడ్ లేనప్పుడు మీటర్‌కి అన్నీ బాగానే కనిపిస్తాయట.

బల్బు వెలుగుతుండగానే, దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడ్డానికి మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్సు మీద పెట్టి, రెండో కొసతో వైరు వెంబడి వెళ్లాడు. ఎర్త్ వైపు బ్యాటరీ మైనస్ నుంచి కొలిస్తే 0.03, శుభ్రం. ప్లస్సు వైపు రిలేకి ముందు 0.1, రిలే దాటాక 4.1! కొత్త రిలే పెట్టినా అంతే. అప్పుడు సాకెట్‌లోకి లైటు కొట్టి నన్ను పిలిచాడు. రిలే పిన్నుని పట్టుకునే టెర్మినల్ ఒకటి నోరు తెరుచుకుని ఉంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. ఆ పిన్ను పక్కన ఎవరో ఇంకో వైరు దూర్చారు.

ఎవరో కాదు, మా తమ్ముడే. రెండేళ్ల క్రితం పొగమంచుకని ఫాగ్ ల్యాంపులు బిగించాడు. 55 వాట్లవి రెండు, అంటే తొమ్మిది ఆంపియర్లు ఆ లూజు కాంటాక్టు మీదుగానే. నేను సర్వీస్ సెంటర్‌ని తిట్టుకుంటూ వచ్చానా, సగం తప్పు మా ఇంట్లోనే.

టెర్మినల్ కొత్తది వేసి, ల్యాంపులకు బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు, రిలే పెట్టాడు. మళ్లీ కొలిస్తే 0.15. మొత్తం 1,800. బిల్లు అడిగితే పాత డైరీ కాగితం మీద రాసిచ్చాడు, అదొక్కటే నాకు నచ్చలేదు. మూడు గంటలు నిలబెట్టినందుకూ కలిపి ఐదుకి నాలుగు స్టార్లు.

నలభై రోజులైంది, మళ్లీ ఆగలేదు. కాలిన టెర్మినల్ డాష్‌బోర్డు అరలో దాచా, సంక్రాంతికి తమ్ముడు వస్తాడు.