కూపర్‌స్టౌన్‌లో రెండు రోజులు: గ్లవ్ తొడగని ఆటగాడి ఫలకం కోసం

మా వాడికి పన్నెండేళ్లు. ఈ సీజన్ మొదట్లోనే మోచెయ్యి నొప్పి అన్నాడు. డాక్టరు చూసి, ఎదిగే ఎముక దగ్గర వాపుంది, మూడు నెలలు బంతి విసరొద్దు, బ్యాట్ మాత్రం పట్టుకోవచ్చు అన్నారు. కోచ్ మంచి మనిషి. బ్యాటింగ్ వరసలో వీణ్ని ఉంచి, ఫీల్డింగ్‌కి ఇంకో పిల్లాణ్ని పంపించాడు. బేస్‌బాల్‌లో ఇలా బ్యాటింగ్ ఒక్కటే చేసే ఆటగాణ్ని డెజిగ్నేటెడ్ హిట్టర్ అంటారు, వాడుకలో డీహెచ్. ఒకరోజు కారెక్కి బెల్టు పెట్టుకుంటూ, "నాన్నా, నేను సగం ప్లేయర్‌నా?" అని అడిగాడు. జట్టులో ఎవరో అన్నారట.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. సియాటిల్‌లో ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో నాకు బేస్‌బాల్ అంటే ఏమిటో నేర్పింది అక్కడి మెరైనర్స్ జట్టు ఆటగాడు ఎడ్గార్ మార్టినెజ్ బ్యాటింగే. 2004లో ఆయన రిటైరయ్యేదాకా వీలైనప్పుడల్లా స్టేడియానికి వెళ్లేవాణ్ని. ఇప్పుడు ఆ స్టేడియం పక్క వీధికి ఆయన పేరే ఉంది. ఆయనా డీహెచ్చే. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్‌స్టౌన్ అనే ఊళ్లో బేస్‌బాల్ గొప్పవాళ్ల గౌరవ మందిరం, హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. అందులో ఆయన ఫలకం ఉంది, పద చూసొద్దాం అన్నాను. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరున్న నాన్న కూడా బయల్దేరారు. మా ఆవిడకి ఆ వారాంతం హాస్పిటల్లో డ్యూటీ. పులిహోర, పెరుగన్నం కట్టిచ్చి మమ్మల్ని పంపించింది.

న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. చివరి గంట చిన్న రోడ్డు, మొక్కజొన్న చేలు, ఎర్ర రంగు పశువుల కొట్టాలు. పెద్ద బోర్డులేమీ లేకుండానే ఊరు వచ్చేస్తుంది. రెండు వేలమంది కూడా లేని ఊరది. వేసవిలో మాత్రం గది దొరకడం కష్టం. పక్కనే పన్నెండేళ్ల పిల్లల టోర్నమెంట్లు వారం వారం జరుగుతుంటాయి. దేశం నలుమూలల నుంచి జట్లు, వాళ్లతో అమ్మానాన్నలు, తాతలు దిగుతారు. మేం మూడు వారాల ముందు బుక్ చేశాం. అది చాలా ఆలస్యమని అక్కడికెళ్లాక తెలిసింది.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్లో దిగాం. రాత్రికి 240 డాలర్లు తీసుకున్నారు. ఏసీ మోత ఆగలేదు, బాత్‌రూమ్ కుళాయి తెల్లార్లూ కారింది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తు కావాలని బుకింగ్‌లో స్పష్టంగా రాశాను. పై అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. అడిగితే "ఈ వారం అంతే" అన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఆయన రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నాకు బాధేసింది. రెండో రాత్రికి అరగంట దూరంలో ఉన్న ఒనియాంటాలో 150కి శుభ్రమైన గది దొరికింది, కింది అంతస్తే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మొదటి నుంచీ అక్కడే దిగడం మేలు. డబ్బుకి వెనకాడకపోతే చెరువు ఒడ్డునే 1909 నాటి ఒటెసాగా హోటలుంది. మేం బయటినుంచే చూశాం. వెనక వరండాలో కుర్చీలు, ఎదురుగా నీళ్లు, చూడగానే కూర్చోవాలనిపించే చోటు.

కారు ఊళ్లోకి తీసుకెళ్లకండి. ఊరి చివర ఉచిత పార్కింగ్ స్థలాలున్నాయి, అక్కడినుంచి వేసవిలో ట్రాలీ బస్సు మెయిన్ స్ట్రీట్‌లో దింపుతుంది. డ్రైవరమ్మ నాన్న దిగేదాకా ఓపిగ్గా ఆగింది. మెయిన్ స్ట్రీట్ అంతా బ్యాట్లు, టోపీలు, కార్డుల కొట్లే. ఇక్కడే 1839లో డబుల్‌డే అనే ఆయన బేస్‌బాల్ కనిపెట్టాడని ఒకప్పుడు ఒక కమిషన్ తేల్చింది. అది నిజం కాదని చరిత్రకారులు ఎప్పుడో చెప్పేశారు. అయినా 1939లో ఆ కథ మీదే ఇక్కడ మ్యూజియం తెరిచారు. కథ నిలబడకపోయినా మ్యూజియం నిలబడింది.

టికెట్ పెద్దలకి 30 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అడగ్గానే వీల్‌చైర్ ఇచ్చారు, విడిగా డబ్బేమీ తీసుకోలేదు. అన్ని అంతస్తులకీ లిఫ్ట్ ఉంది. మధ్యాహ్నం బయటికెళ్లి పులిహోర తినొచ్చినా అదే టికెట్ మీద లోపలికి రానిచ్చారు. రాత్రి మోటెల్లో పడ్డ చిరాకంతా ఇక్కడి సిబ్బంది మర్యాదతో పోయింది.

చూడ్డం రెండో అంతస్తులో మొదలవుతుంది, అక్కడినుంచి మూడో అంతస్తు. ఆటలో పెద్ద దిగ్గజాలైన బేబ్ రూత్‌కి, హ్యాంక్ ఆరన్‌కి విడిగా గదులున్నాయి. ఆరన్ గదిలో నాన్న చాలాసేపు ఆగారు, నల్లజాతి ఆటగాళ్లు పడ్డ కష్టం మా వాడి చేత చదివించుకుని విన్నారు. ఇక్కడే వాడికి రాన్ బ్లామ్‌బర్గ్ సంగతి చెప్పాను. 1973 దాకా బంతి విసిరే ఆటగాడు, అంటే పిచర్ కూడా బ్యాటింగ్‌కి రావాల్సిందే. ఎక్కువమంది పిచర్లు వచ్చి, మూడు బంతులకి అవుటై వెళ్లిపోయేవాళ్లు. అది చూడలేక, పెద్ద బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ ఆ ఏడాది నియమం మార్చింది: పిచర్‌కి బదులు బ్యాటింగ్‌కి ఇంకొకణ్ని పెట్టుకోవచ్చు, వాడు ఫీల్డింగ్‌కి రానక్కర్లేదు. 1973 ఏప్రిల్ 6న బోస్టన్‌లో న్యూయార్క్ జట్టు యాంకీస్ ఆటగాడు బ్లామ్‌బర్గ్ తొలి డీహెచ్‌గా దిగాడు. మూడు బేస్‌ల్లోనూ తమవాళ్లుండగా నాలుగు చెడ్డ బంతులు వదిలేశాడు. దాంతో అందరూ ఒక్కో బేస్ ముందుకు జరిగి, బ్యాట్ తగలకుండానే జట్టుకి ఒక పరుగు వచ్చింది. ఆ బ్యాట్‌ని ఈ మ్యూజియానికే ఇచ్చారు. నేషనల్ లీగ్ మాత్రం దాదాపు యాభై ఏళ్లు ఒప్పుకోలేదు. రెండు లీగుల్లోనూ డీహెచ్ స్థిరపడింది 2022లో.

నాన్నకి ఇదంతా చిటికెలో అర్థమైంది. "మన రాయుడికి జరిగినట్టేగా" అన్నారు. 2023 మార్చి 31, అహ్మదాబాద్, ఐపీఎల్ తొలి మ్యాచ్. అంబటి రాయుడు చెన్నైకి బ్యాటింగ్ చేశాక డగౌట్‌లో కూర్చున్నాడు, అతని బదులు తుషార్ దేశ్‌పాండే బౌలింగ్‌కి వచ్చాడు. ఇంపాక్ట్ ప్లేయర్ నియమం మొదటిసారి వాడింది అప్పుడే. గుంటూరు కుర్రాడు కాబట్టి నాన్న ఆ మ్యాచ్ మర్చిపోలేదు. మా వాడు వెంటనే, "అయితే తాతయ్యా, రాయుడు సగం ప్లేయరా?" అన్నాడు. నాన్న వాడి వంక చూసి, "పరుగులు సగం రాశార్రా?" అన్నారు.

కింది అంతస్తులో ఫలకాల గ్యాలరీ. ఎత్తైన కప్పు, పాలరాతి స్తంభాలు, రెండు వైపులా 340కి పైగా కంచు ఫలకాలు. అడుగుపెట్టగానే అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఒక్కో ఫలకంలో ముఖం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, కింద నాలుగైదు వరసల్లో ఒక జీవితం.

2019 ఫలకాల దగ్గర మేం గంట సేపున్నాం. ఆ ఏడాది ఆరుగురు: మారియానో రివెరా, రాయ్ హాలడే, మైక్ ముసీనా, లీ స్మిత్, హెరాల్డ్ బెయిన్స్, ఎడ్గార్. హాలడే, ముసీనా టోపీల మీద జట్టు గుర్తు లేదు, నున్నగా వదిలేశారు. ఎడ్గార్ ముఖం సియాటిల్లో నేను చూసినట్టే ప్రశాంతంగా ఉంది. మా వాడు ఫలకం మీద సంవత్సరాలు చదివాడు: 1987 నుంచి 2004 దాకా ఒకే జట్టు.

వాడికి నేను చెప్పింది ఇది. ఎడ్గార్ పుట్టుకతో డీహెచ్ కాదు. మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తూనే 1992లో లీగ్ మొత్తంలో బ్యాటింగ్ సగటులో మొదటివాడయ్యాడు. 1993లో సీజన్ మొదలయ్యే ముందు ఒక ప్రదర్శన మ్యాచ్‌లో తొడ వెనక కండరం చిట్లింది. ఆ తర్వాత జట్టు ఆయన్ని డీహెచ్‌గా మార్చింది. 1995లో .356 సగటుతో, అంటే వెయ్యి సార్లు ఆడితే 356 హిట్ల లెక్కన, మళ్లీ మొదటివాడయ్యాడు. అంతకుముందు ఏ డీహెచ్చీ ఆ పని చెయ్యలేదు. అదే ఏడు అక్టోబరులో యాంకీస్ మీద నిర్ణయాత్మక మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, ఒక పరుగు వెనకబడి ఉన్నారు. ఎడ్గార్ ఎడమ వైపు లైను వెంట కొట్టిన డబుల్‌కి (రెండు బేస్‌లు తెచ్చే దెబ్బ) ఇద్దరు హోమ్‌కి చేరి పరుగులు తెచ్చారు, మ్యాచ్ గెలిచారు. కెరీర్ మొత్తం మీద .312 సగటు, 309 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి), నూటికి దాదాపు 42 సార్లు బేస్ చేరినవాడు. కళ్లు రెండూ ఒకేచోట కుదురుకోని లోపం ఉండేది, రోజూ కంటి వ్యాయామాలు చేసి గెలిచాడు.

అలాంటివాణ్ని లోపలికి రానివ్వడానికి పదేళ్లు పట్టింది. ఓటేసేది పదేళ్లకు తక్కువ కాకుండా సంఘ సభ్యత్వం ఉన్న బేస్‌బాల్ విలేకరులు, నూటికి 75 మంది ఒప్పుకోవాలి. 2010లో ఎడ్గార్‌కి వచ్చింది 36.2 శాతం. 2014కి 25.2కి పడిపోయింది. చివరి అవకాశం 2019లో 85.4. ఆ పదేళ్లలో ఆయన ఒక్క బంతి కూడా ఆడలేదు, ఒక్క పరుగూ కొత్తగా చేర్చలేదు. మారింది ఓటేసేవాళ్ల మనసు.

వాళ్ల అభ్యంతరంలో అర్థం లేకపోలేదు. ఫీల్డింగ్ చేసేవాడి ఒళ్లు అరుగుతుంది. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆపే ప్రతి బంతీ జట్టుకి మేలే. ఆ పని చెయ్యనివాడు బ్యాట్‌తో అంతా పూడ్చాలి. ఈ రోజుల్లో ఆటగాడి మొత్తం విలువ కట్టే వార్ అనే లెక్కలో డీహెచ్‌కి ముందే కొంత కోత పడుతుంది, అది న్యాయమే. ఆ కోత పోగా కూడా ఎడ్గార్ లెక్క 68 దాటింది. ఇంకేం కావాలి?

నాకు మింగుడుపడనిది ఒకటుంది, అది ఆ గోడ ముందు నిలబడ్డాకే తట్టింది. ఎడ్గార్‌తో పాటే ఉన్న ముసీనా 18 ఏళ్లూ అమెరికన్ లీగ్‌లోనే బంతి విసిరాడు. యాంకీస్ పిచర్ రివెరా హాల్‌కి నూటికి నూరు ఓట్లతో వెళ్లిన మొదటి మనిషి, పైగా తనకి కొరుకుడుపడని బ్యాటర్ ఎడ్గారే అని చెప్పినవాడు. ఈ ఇద్దరూ బ్యాట్ పట్టిన సందర్భాలు బహు తక్కువ. ఎందుకంటే వాళ్ల బదులు డీహెచ్ వెళ్లి కొట్టాడు. బ్యాట్ పట్టని పిచర్‌ని సగం ఆటగాడని ఎవరూ అనలేదు. వాడి బరువు మోసినవాణ్ని మాత్రం పదేళ్లు గుమ్మంలో నిలబెట్టారు. ఒకే నియమం ఇద్దరినీ తయారుచేసింది. గ్లవ్ వైపు, అంటే ఫీల్డింగ్ వైపు చూసినా అంతే. బిల్ మజరోస్కీ సగటు .260, హోమ్ రన్లు 138, ఆయన ఫలకం కూడా ఇక్కడుంది, రెండో బేస్ దగ్గర బంతి పట్టే నేర్పు కోసం. ఆ గౌరవం ఆయనకి తగినదే. చేతికి చోటున్న గోడ మీద బ్యాట్‌కీ చోటుండాలి.

అలాగని డీహెచ్ అనగానే తలుపు తెరవమని నేను అనను. ఎడ్గార్ పక్కనే ఉన్న బెయిన్స్‌కి 2,866 హిట్లున్నాయి. అంతకాలం నిలబడి ఆడటం గొప్పే. కానీ విలేకరుల ఓటులో ఎప్పుడూ 6.1 శాతం దాటలేదు, వార్ 40 కూడా లేదు. విలేకరుల ఓటులో తప్పినవాళ్లని మళ్లీ పరిశీలించే 16 మంది కమిటీలో 12 ఓట్లతో లోపలికొచ్చారు. నా చేతిలో ఓటుంటే వేసేవాణ్ని కాదు. గ్లవ్ లేనివాడు బ్యాట్‌తో తన కాలాన్ని ఏలాలి, అదే నా కొలత. డేవిడ్ ఓర్టిజ్ ఆ కొలతకి సరిపోతాడు. పది మ్యాచుల్లో ఎనిమిదికి పైగా డీహెచ్‌గానే ఆడి 541 హోమ్ రన్లు, బోస్టన్‌కి మూడు ప్రపంచ సిరీస్ టైటిళ్లు. 2022లో మొదటి ప్రయత్నంలోనే 77.9 శాతం. ఎడ్గార్ పదేళ్లు తోసిన తలుపు ఓర్టిజ్‌కి తీసే ఉంది. ఇక మోచెయ్యి ఆపరేషన్ తర్వాత 2024లో బంతి విసరకుండా ఏడాదంతా డీహెచ్‌గా ఆడిన షోహెయ్ ఒహ్తాని 54 హోమ్ రన్లు, పిచర్ కన్నుగప్పి పరుగెత్తి దొంగిలించిన 59 బేస్‌లతో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు అయ్యాడు. మోచెయ్యి అనగానే మా వాడు తన చెయ్యి తడుముకున్నాడు.

రెండో రోజు తేలిగ్గా గడిచింది. ఒట్సెగో చెరువు కొసన సస్క్వెహానా నది మొదలయ్యే చోటు చూశాం, చిన్న కాలువలా ఉంది. ఫార్మర్స్ మ్యూజియంలో 1869లో జనాన్ని నమ్మించిన రాతి రాక్షసుడు పడుకుని ఉన్నాడు. పిల్లలకి బాగుంటుంది, ఎండలో నడక మాత్రం ఎక్కువ, మోకాళ్లు బాగాలేనివాళ్లు మానుకోవచ్చు. తిండి విషయానికొస్తే, శాకాహారులకి మేం తిరిగినంత మేర పిజ్జా, సలాడే గతి. ఇంటినుంచి కట్టుకెళ్లండి, చెరువు ఒడ్డు పార్కులో బల్లలున్నాయి. మ్యూజియానికి ఒక పూట చాలదు, పూర్తి రోజు పెట్టుకోండి. ఆటంటే ప్రాణమైనవాళ్లకి రెండో పూట కూడా పనికొస్తుంది. మేం వచ్చేముందు మళ్లీ గంట సేపు వెళ్లాం.

ఆ గంటలో నాన్న మ్యూజియం దుకాణంలో ఫలకాల పోస్టుకార్డులు కొన్నారు. గుంటూరు తీసుకెళ్లడానికి ఆరన్‌ది ఒకటి, మా వాడికి ఎడ్గార్, రివెరా ఒక్కోటి. వాడు రెండూ అట్టముక్కల మధ్య పెట్టి బ్యాట్ల సంచి పక్క జేబులో దాచుకున్నాడు. శనివారం మ్యాచ్‌కి వెళ్తే కోచ్ కాగితం మీద వాడి పేరు నాలుగో వరసలో ఉంది, పక్కన డీహెచ్ అని. వాడు హెల్మెట్ పెట్టుకుని, బ్యాట్ తీసుకుని, వల వెనక్కి వెళ్లి ఖాళీగా ఊపడం మొదలుపెట్టాడు.