మనలోని చిన్నచూపు పోవాలంటే ఏది మేలు: ఒకరోజు ట్రైనింగా, తోటి టీచరు కళ్లా?

విశాఖ జాలరిపేటలో చేపలమ్మి వచ్చే ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెబుతున్నాను. ఒకరోజు బోర్డు మీద ‘వల’ అని రాసి, వాక్యం చెప్పమన్నాను. ఒక అక్క లేచి, ‘మా ఆయన వల ఏసినాడు’ అంది. ‘ఏసినాడు కాదక్కా, వేశాడు అనాలి’ అన్నాను. ఆమె కూర్చుంది. ఆ సాయంత్రం మళ్లీ నోరు విప్పలేదు. అది నేను గమనించనేలేదు. వెనక చాప మీద కూర్చున్న తోటి టీచరు గమనించింది. బస్సు కోసం నిలబడినప్పుడు తన నోట్‌బుక్ తెరిచి చూపించింది: గంటసేపట్లో నేను పేరు పెట్టి పిలిచింది ఐదుగురిని, ఐదుగురూ కాస్త ‘శుభ్రంగా’ మాట్లాడేవాళ్లే.

వేరే దేశాల్లో వయోజన విద్య టీచర్లు తమలోని జాతి వివక్ష గురించి మాట్లాడుకుంటున్నారు. మన దగ్గర అది కులం, యాస, గిరిజనులంటే చిన్నచూపు. దాన్ని పోగొట్టడానికి మన ముందున్న మొదటి దారి ట్రైనింగ్.

ట్రైనింగ్‌ను నేను తీసిపారెయ్యను. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం చాలామంది టీచర్లకు పేరుకే తెలుసు. అక్కడ వివరంగా చెబుతారు. కానీ నేను వెళ్లిన ట్రైనింగ్‌లో పొద్దున్నంతా తలలూపినవాళ్లే భోజనాల దగ్గర కొత్తవాళ్లను ‘మీ ఇంటిపేరేంటి?’ అని అడిగారు. ఎందుకో అందరికీ తెలుసు. పాడేరు వైపు వాళ్లకు చదువు ఎక్కదని ఒకాయన తేల్చేశారు. కువి భాష మాట్లాడే కోందు గిరిజనుల ఇంట్లో తెలుగే రెండో భాష అని ఆయనకు తట్టలేదు. హాల్లో వివక్ష ఎప్పుడూ ఇంకొకరిదే.

రెండో దారిలో, ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని గమనిస్తే ఆ వివక్ష నాదవుతుంది. అందుకే నా ఓటు దీనికే. కష్టం లేదని కాదు. 2022లో మొదలైన ఉల్లాస్ అనే కేంద్ర వయోజన విద్య పథకంలో చదువు చెప్పేది జీతం లేని వాలంటీర్లు. ఇల్లు, పని చూసుకుని వచ్చేవాళ్లను ఇంకో రెండు సాయంత్రాలు అడగడం తేలిక కాదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఇద్దరిదీ ఒకే కులం, ఒకే వీధి అయితే ఒకరికి కనబడనిది రెండోవాళ్లకూ కనబడదు. జతలు కలిపేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఎవరైనా కులం పేరుతో తిట్టినా, మంచినీళ్లకు వేరే గ్లాసు పెట్టినా ఈ రెండు దారులూ పనికిరావు. అది టీ తాగుతూ మాట్లాడుకునే విషయం కాదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తోటి టీచర్లు సాక్షులుగా నిలబడాలి.

మర్నాడు బోర్డు మీద ‘వేశాడు’ పక్కనే ‘ఏసినాడు’ కూడా రాశాను. పుస్తకంలో ఇలా, మన ఇంట్లో ఇలా అన్నాను. ఆ అక్కకు సారీ చెప్పాను. వచ్చే నెల నా క్లాసులో కూర్చోమని, పాడేరు నుంచి వచ్చి అరిలోవలో చదువు చెబుతున్న టీచరును అడిగాను. వస్తానన్నారు.